ఎండోస్కోపీ బాగుంటే గ్యాసేనా?
ఎండోస్కోపీ నార్మల్ అయితే కడుపునొప్పి గ్యాసే అని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట పాలీఆర్టిరైటిస్ నోడోసా అనే రక్తనాళాల జబ్బు దగ్గర చెల్లదు. ఈ జబ్బు మధ్యస్థాయి ధమనుల గోడల్ని తినేస్తుంది. ఎండోస్కోపీలో కనబడేది పేగు లోపలి పొరే, అది మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. తిన్న అరగంటకి నొప్పి, బరువు తగ్గడం, కొత్తగా బీపీ, పాదం పైకి లేవకపోవడం కలిస్తే రుమటాలజీకి (కీళ్ళు, రక్తనాళాల వాపు జబ్బులు చూసే విభాగానికి) పంపాలి. రక్తనాళాల వాపు జబ్బులకి చేసే ఆంకా (ANCA) రక్తపరీక్ష నెగెటివ్ రావడం ఇందులో మామూలే. హెపటైటిస్ బి మాత్రం తప్పక చూడాలి, పాజిటివ్ అయితే యాంటీవైరల్ లేకుండా వైద్యం కుదరదు. సీటీ యాంజియోలో (రక్తనాళాల సీటీ స్కాన్‌లో) ధమనుల మీది చిన్న ఉబ్బులు దొరక్కపోవచ్చు, ధమనిలోకి సన్నటి గొట్టం పంపి తీసే కాథెటర్ యాంజియో మేలు. శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ వచ్చేవాళ్ళు రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా స్కాన్ సీడీ కూడా తెచ్చుకోండి. ఇంకోటి: ఈ జబ్బుకి స్టెరాయిడ్ వాడుతుండగా పేగుకి చిల్లు పడినా పొట్ట గట్టిపడకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. నొప్పి ఒక్కసారిగా పెరిగితే ఆ రాత్రే సర్జన్ చూడాలి.