గోధుమ బీరులో అరటిపండు ఎసెన్స్ కలుపుతారా?

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఒక ఫార్వర్డు తప్పకుండా ప్రత్యక్షమవుతుంది. మైక్రోబ్రూవరీలలో, అంటే బీరును అక్కడికక్కడే కాచి అమ్మే బ్రూపబ్‌లలో, పోసే క్రాఫ్ట్ బీరు వట్టి మోసమని, మామూలు సీసా బీరుకే రంగూ ఎసెన్సూ కలిపి గ్లాసు మూడు నాలుగు వందలకు అమ్ముతున్నారని, అది మసకగా ఉండటానికి కారణం పాడైపోవడమేనని, ఇదంతా ఐటీ జీతాలతో పాటు ఊడిపడిన విదేశీ వ్యామోహమని, తాగక తప్పదనుకుంటే సీసా బీరే మేలని, దానితో కనీసం కిడ్నీలో రాళ్లయినా కరుగుతాయని అందులో ఉంటుంది. పుష్కర కాలంగా ఈ ఊళ్లో ఉంటూ, మా ఊరి నుంచి వచ్చిన బంధుమిత్రులను పనిగట్టుకుని ఇక్కడి బ్రూపబ్‌లకు తీసుకెళ్లే అలవాటున్నవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఫార్వర్డులోని మాటలు చాలావరకు ఎవరైనా స్వయంగా సరిచూసుకోగలిగినవే.

సీసా బీరునే ట్యాంకుల్లో పోస్తారన్న ఆరోపణను లెక్కతో చూద్దాం. ఒక మోస్తరు బ్రూపబ్‌లో అద్దాల వెనక కనిపించే స్టీలు ట్యాంకు ఒక్కోదానిలో 500 నుంచి 1,000 లీటర్ల వరకు పడుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండాలంటే 650 మి.లీ. సీసాలు 1,500కు పైగా మూతలు తీసి ఒంపాలి. ఆ సీసాల మీద పన్ను అప్పటికే కట్టేసి ఉంటుంది; మూత తీసిన క్షణం నుంచి గ్యాసు పోతూ ఉంటుంది; గాలి తగిలిన బీరుకు కొద్ది రోజుల్లోనే తడిసిన అట్టపెట్టె వాసన పట్టుకుంటుంది. ఇంత శ్రమపడి మోసం చేయదలచినవాడికి బార్లీ కొని ఉడకబెట్టుకోవడమే చవక.

ఆ ఉడకబెట్టడం ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే ఈ అనుమానం దానంతటదే పోతుంది. మాల్ట్ అన్న మాట మనకు కొత్తది కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించి పిల్లలకు జావ కాచి ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బార్లీ విషయంలోనూ జరిగేది అదే. మొలకెత్తే గింజలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ గింజను మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే నీళ్లు తియ్యబడతాయి. ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, పులియడానికి ఈస్ట్ కలుపుతారు. కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకాలకు రెండు మూడు వారాలు పడుతుంది, చల్లగా నిదానంగా పులిసే లాగర్‌కు అంతకన్నా ఎక్కువ. తెలిసినవారి ద్వారా ఒక బ్రూపబ్‌కు పొద్దున ఎనిమిదింటికే వెళ్లినప్పుడు నేను మొదట గమనించింది వాసన: వంటింట్లో జావ కాగుతున్నప్పుడు వచ్చే వాసన లాంటిదే, కాకపోతే ఇల్లంత జావ. వడగట్టగా మిగిలిన పిప్పిని ఇద్దరు కుర్రాళ్లు పారలతో బస్తాల్లోకి ఎత్తుతున్నారు, ఆ బస్తాలకోసం డెయిరీ వాళ్ల ఆటో వెనక గేటు దగ్గర నిలబడి ఉంది. సీసా బీరుకు రంగు కలిపేచోట పశువుల దాణా ఎక్కడి నుంచి వస్తుంది?

రంగు సంగతీ ఇక్కడే తేలిపోతుంది. కాఫీ గింజను ఎంత వేయిస్తే అంత నలుపెక్కినట్టే, మాల్ట్‌ను ఎంత మాడిస్తే బీరు అంత నల్లబడుతుంది. స్టౌట్ అనే నల్ల బీరు గ్లాసు మొత్తం నల్లగా కనిపించడానికి, వాడిన గింజలో పదో వంతో అంతకన్నా తక్కువో బాగా మాడిన మాల్ట్ ఉంటే చాలు.

ఇక ఎసెన్స్. హెఫెవైజెన్ అనే జర్మన్ తరహా గోధుమ బీరు మొదటిసారి తాగినవాళ్లు అరటిపండు వాసన వస్తోందంటారు, అది నిజమే. అరటిపండు ఎసెన్స్‌లో ఉండే ఐసో అమైల్ ఎసిటేట్ అనే పదార్థమే ఆ బీరులోనూ ఉంటుంది, అదీ నిజమే. ఫార్వర్డు రాసినవారు ఈ రెండు నిజాలనూ కలిపి మూడో అబద్ధం కట్టారు. ఆ పదార్థాన్ని తయారు చేసేది సీసాలోని ఎసెన్స్ కాదు, ఆ బీరుకు వాడే ప్రత్యేకమైన ఈస్ట్. అదే ఈస్ట్ లవంగం వాసననూ పుట్టిస్తుంది. సాధారణంగా కాస్త చల్లగా పులియబెడితే లవంగం, కాస్త వెచ్చగా పులియబెడితే అరటిపండు ముందుకొస్తాయి. ఒకే చోట రెండు నెలల తేడాలో తాగితే ఈ రెంటి పాళ్లు మారినట్టు నాకు చాలాసార్లు అనిపించింది. ఎసెన్స్ అయితే ప్రతిసారీ ఒకేలా ఉండేది.

మసకగా ఉంటే పాడైనట్టేనన్న మాట కల్లు తాగే నేల నుంచి వచ్చినవాళ్లు అనడమే నాకు వింత. తాటికల్లు గానీ ఈతకల్లు గానీ తెల్లగా మసకగా ఉండకపోతే నీళ్లు కలిపాడేమోనని మనమే గీతకార్మికుణ్ణి నిలదీస్తాం. గోధుమ బీరులో మసక ఈస్ట్ వల్ల, గోధుమలోని ప్రొటీన్ వల్ల వస్తుంది. వడపోసి తేటగా చేస్తే అది ఆ బీరే కాకుండా పోతుంది. అలాగని మైక్రోబ్రూవరీ బీరు ఎప్పుడూ చెడిపోదని నేను అనను. ఒకసారి, పేరు అనవసరం, ఒక చోట తేటగా ఉండాల్సిన పిల్స్‌నర్ అనే లేత రంగు లాగర్ మసకగా వచ్చింది; నోట్లో పెట్టుకుంటే థియేటర్లో అమ్మే వెన్న పాప్‌కార్న్ రుచి. అది ఈస్ట్‌కు తన పని పూర్తి చేసే వ్యవధి ఇవ్వకపోయినా, గొట్టాలు సరిగా కడగకపోయినా వచ్చే లోపం. చెబితే కుర్రవాడు మారు మాట్లాడకుండా గ్లాసు మార్చాడు గానీ, మార్చి తెచ్చింది కూడా అదే ట్యాంకుది. వెన్న వాసన, పుల్లటి వెనిగర్ వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే వెనక్కి పంపాలి. మసకను చూసి కాదు. చాలాచోట్ల గుక్కెడు రుచి చూపించమంటే చూపిస్తారు, అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఈ ఫార్వర్డుకు మా వైపు నుంచి, అంటే క్రాఫ్ట్ బీరు అభిమానుల నుంచి, వచ్చే ఎదురు ఫార్వర్డు కూడా తప్పేనని చెప్పకపోతే అన్యాయమవుతుంది. సీసా బీరులో గ్లిజరిన్ కలుపుతారని, సీసాను నీళ్ల గ్లాసులో తలకిందులుగా ముంచితే అది చిక్కగా కిందికి దిగడం కంటికి కనిపిస్తుందని అందులో ఉంటుంది. పులిసే ఏ బీరులోనైనా ఈస్ట్ వల్ల లీటరుకు ఒకటి రెండు గ్రాముల గ్లిజరిన్ సహజంగానే ఏర్పడుతుంది, మైక్రోబ్రూవరీ బీరులోనూ అంతే. కిందికి దిగేది మాత్రం గ్లిజరిన్ కాదు. నీటికన్నా కొంచెం బరువైన బీరు కిందికి జారుతుంటే దాని చోటులోకి నీళ్లు ఎక్కుతాయి. చక్కెర నీళ్లలో టీ డికాక్షన్ కలిపి ఖాళీ సీసాలో నింపి, బొటనవేలితో మూసి, నీళ్ల గ్లాసులో బోర్లించి వేలు తీసి చూడండి. నేను చేశాను, గోధుమరంగు తీగ ఒకటి సన్నగా అడుగుకు దిగింది.

ధర గురించిన ఫిర్యాదులో కొంత న్యాయముంది. కానీ వైన్‌షాపులో సీసా ధరను, ఏసీ గదిలో కూర్చోబెట్టి పోసిన గ్లాసు ధరతో పోల్చడం ఇంట్లో ఇడ్లీని హోటల్ ఇడ్లీతో పోల్చడం లాంటిది. అదే పబ్‌లో అదే సీసా తెప్పించుకుంటే ఎంతవుతుందో చూసి పోల్చాలి.

విదేశీ వ్యామోహం అన్న మాటకు ఊరి చరిత్రే జవాబు. 1809లో కంటోన్మెంటు ఏర్పడినప్పటి నుంచి ఇక్కడ ఆంగ్ల సైనికులున్నారు. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండువాడు దక్షిణాదిలోని బ్రూవరీలు కొన్నింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ నెలకొల్పాడు. 1947లో విఠల్ మాల్యా ఆ సంస్థ డైరెక్టరయ్యారు. దాని కేంద్ర కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. కాబట్టి బీరు ఇక్కడికి ఐటీతో రాలేదు, ఐటీ జోరందుకునేనాటికే ఇక్కడ పబ్‌లున్నాయి. కొత్తగా వచ్చింది అక్కడికక్కడే కాచి పోసే పద్ధతి: 2009లో పుణెలో డూలల్లీ, 2010లో ఇందిరానగర్‌లో టాయిట్, 2012లో వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్, ఆ తర్వాత లెక్కకు మించినన్ని. వేదకాలపు సోమరసమే బీరు అంటూ కొందరు ఇచ్చే జవాబు నాకు అక్కరలేదు. నూరేళ్ల చరిత్ర చాలు.

నిజానికి ఫార్వర్డు రాసినవారు గురిపెట్టాల్సిన చోటు ఒకటుంది, అది వారికి తట్టలేదు. స్థానికం అని మనం మురిసే ఈ బీరులో హాప్స్ దాదాపుగా జర్మనీ నుంచో అమెరికా నుంచో వస్తాయి, మంచి మాల్ట్‌లో పెద్ద భాగమూ దిగుమతే. వేసవిలో మామిడి, అప్పుడప్పుడు రాగి, కాఫీ వేసి చేసే బ్రూయర్లు ఉన్నారు గానీ, సగం మెనూలు ఒకదాని నకలు ఇంకొకటిలా ఉంటాయి. రాగి పండే రాష్ట్రంలో రాగి బీరు పండగ సరుకుగా మిగిలిపోవడం నాకు నచ్చదు, వెళ్లినచోటల్లా అడుగుతూనే ఉంటాను.

కిడ్నీలో రాళ్ల సంగతి మిగిలింది. బీరు తాగితే మూత్రం ఎక్కువగా వస్తుంది, ఆ వెనకే దాహమూ వస్తుంది. ఉన్న రాయిని అది కరిగించదు. సీసాలోదైనా ట్యాంకులోదైనా ఇందులో తేడా లేదు. ఈ ఫార్వర్డును మా గ్రూపులో ప్రతి శుక్రవారం పెట్టే పెద్దాయనకు నిరుడు రాయి కదిలి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. డాక్టరు చీటీలో రోజుకు మూడు లీటర్ల నీళ్లని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. ఆ చీటీ ఫొటో మాత్రం ఆయన గ్రూపులో పెట్టలేదు.