పోర్టు పూర్తయిపోతే బందరు గతేం కాను?

బందరు, అంటే మచిలీపట్నం, పోర్టు ఎప్పుడు పూర్తవుతుందా అని రాష్ట్రమంతా ఎదురుచూస్తోందట. చూడనివ్వండి. ఎదురుచూపు బందరు వాళ్లకు తాతల నాటి విద్య, మిగతా జిల్లాల వాళ్లూ నేర్చుకుంటే సంతోషమే. నా బెంగ వేరు. ఆ పోర్టు నిజంగానే పూర్తయిపోతే ఊరి పరిస్థితేమిటన్నది ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాలుగు వందల ఏళ్లుగా ఈ ఊరు ఒకే నియమానికి కట్టుబడి బతుకుతోంది: ఏ పనైనా ఇక్కడ మొదలవ్వాలి, ఇంకెక్కడో బాగుపడాలి. ఇంత నిష్ఠగా నడిచిన సంప్రదాయాన్ని నాలుగు బెర్తులు కట్టి చెడగొడతామంటే, చరిత్ర మీద గౌరవమున్నవాళ్లు నోరు మూసుకుని కూర్చోకూడదు. అందుకే ఈ ఆక్షేపణ.

ముందు సాక్ష్యాలు. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. ఆయన్ని వదిలేద్దాం, పెట్టుబడి పెట్టిన మనిషి కాదు. అసలు వ్యవహారం గోల్కొండ సుల్తానుల కాలంలో మొదలవుతుంది. వజ్రాల రాజ్యానికి సముద్రం వైపు వాకిలి ఇదే. ఇక్కడి నుంచి పెగూకి, సుమత్రాకి, హొర్ముజ్‌కి సరుకుతో ఓడలు వెళ్లేవి, మక్కా యాత్రకూ ఇక్కడే ఎక్కేవారు. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఊళ్లోని చెక్క ఇళ్లను చూసి పెదవి విరిచాడు గానీ, లంగరు వేయడానికి బంగాళాఖాతంలో ఇంతకంటే మంచి చోటు లేదని రాశాడు. ఆ సర్టిఫికెట్టు పదిహేడో శతాబ్దం నాటిది. రెన్యువల్ చేయించుకోవాలన్న ఆలోచన మనవాళ్లకు రాలేదు.

1605లో డచ్చివాళ్లు దిగారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. ఈ తీరంలో వ్యాపారం ఎలా చేయాలో, ఏ అధికారికి ఏ నజరానా ఇవ్వాలో, నేతగాడికి బయానా ఎంతియ్యాలో అన్నీ వాళ్లు నేర్చుకున్నది బందరు బజారులోనే. మధ్యలో 1628లో స్థానిక అధికారులతో పడక అలిగి దుగరాజపట్నం దగ్గరి ఆర్ముగానికి మకాం మార్చారు. 2014 విభజన చట్టంలో కొత్త పోర్టు రాసిపెట్టిన ఊరు అదే. ఇంగ్లీషువాళ్లకు ముందుచూపు ఎక్కువంటారు గానీ, దుగరాజపట్నం విషయంలో వాళ్లూ మనమూ ఒకటే. కొన్నాళ్లకు మళ్లీ బందరే గతి అని తిరిగొచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చాడు: ఏడాదికి 500 వరహాలు కట్టండి, రాజ్యమంతా స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోండి అని.

ఇంత చేశాక ఏం జరిగింది? 1639లో ఫ్రాన్సిస్ డే దక్షిణాన ఒక ఇసకమేట సంపాదించాడు. 1641 నాటికి కంపెనీ వారి పెద్ద కచేరీ బందరు నుంచి అక్కడికి తరలిపోయింది. ఆ ఇసకమేటే మద్రాసు. నియమం అమలైన మొదటి పెద్ద కేసు ఇది. తర్వాతి మూడు శతాబ్దాలూ తెలుగువాళ్లు ఉద్యోగానికి, చదువుకి, కోర్టు పనికి, చివరికి ప్రత్యేక రాష్ట్రం అడగడానికి కూడా మద్రాసే వెళ్లారు. ఎవరూ బందరును నిందించలేదు. బందరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

వచ్చినవాళ్లు పోయినా పేటలు మిగిలాయి. డచ్చివాళ్లకో వలందపాలెం, ఫ్రెంచివాళ్లకో పరాసుపేట, ఇంగ్లీషువాళ్లకో ఇంగ్లీషుపాలెం. ఐరోపాలో ఒకరి గొంతు ఒకరు కోసుకున్న జాతులు ఇక్కడ ఒకే మున్సిపాలిటీ కింద, ఒకే కుళాయి నీళ్ల కోసం కాచుకుని ఉన్నాయి. ఐక్యరాజ్యసమితికి చేతకానిది బందరు డ్రైనేజీకి చేతనైంది. డచ్చివాళ్ల సమాధుల మీద వంశ చిహ్నాలు, వాళ్ల భాషలో అక్షరాలు ఎంత పనితనంగా చెక్కారో చూస్తే తెలుస్తుంది, వాళ్లు ఈ ఊళ్లో కట్టినవాటిల్లో చివరిదాకా నిలబడ్డది ఏమిటో.

ఇక కోట. బందరు కోట అనగానే కొండ, బురుజు, ఏనుగు తల పెట్టి కుమ్మినా కదలని తలుపు ఊహించుకుని వచ్చేవారికి ముందే మనవి. ఈ కోట ఊరికి రెండు మైళ్ల అవతల, చిత్తడి నేలలో ఉండేది. దాని బలం గోడల్లో లేదు, బురదలో ఉంది. ఈ సంగతి కనిపెట్టిన ఫ్రెంచివాళ్లు 1750లో కోట చేతికి రాగానే గోడలు బాగుచేసుకుని, బురద ఎక్కువగా ఉన్న వైపు నిశ్చింతగా వదిలేశారు. అటు నుంచి ఎవడొస్తాడు అనుకున్నారు. వాళ్ల కొంప మునిగింది అక్కడే.

1759లో బెంగాల్ నుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు వచ్చి ఈ కోటను ముట్టడించాడు. ఆయన దగ్గర ఉన్నదేమిటయ్యా అంటే 300 పైచిలుకు తెల్ల సైనికులు, ఓ 1,400 మంది సిపాయిలు. లేనిదేమిటంటే డబ్బు. ఖర్చులు పెట్టుకుంటానన్న విజయనగరం రాజావారు ఆనంద గజపతి తీరా సమయానికి సంచి విప్పడం లేదు. దోపిడీలో సైనికులకు రావాల్సిన వాటా సొమ్మే ఫోర్డు అప్పుగా వాడేసుకున్నాడు. దాంతో తెల్ల సైనికులు ముట్టడి మధ్యలో ఎదురు తిరిగి, మా లెక్క తేల్చండి, కోట దొరికితే దోపిడీ సొమ్మంతా మాదేనని మాటివ్వండి అని బైఠాయించారు. కాంట్రాక్టు సిబ్బంది సమ్మె ఆంధ్ర దేశంలో కొత్తగా వచ్చిన జబ్బు అనుకునే అధికారులు ఇది గమనించాలి. ఫోర్డు మాటిచ్చాడు. ఆ కాలంలో కమిటీ వేసే సదుపాయం లేదు మరి.

ఆ పైన మందుగుండు రెండు రోజులకు మించి లేదు. వెనక నుంచి దక్కన్ సుబేదారు సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకు సాయంగా పెద్ద దండుతో బెజవాడ మీదుగా వస్తున్నాడని కబురు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు తెగించాడు. నాక్స్ అనే కెప్టెన్ కొంతమందితో బురద వైపు వెళ్లి అందులోంచే తుపాకులు పేల్చడం మొదలెట్టాడు. రాజావారి మనుషులు పెద్ద గేటు దగ్గర కేకలు పెట్టారు. ఫ్రెంచి కమాండరు కాన్‌ఫ్లాన్స్ ఎటు చూడాలో తేల్చుకునేలోగా అసలు దండు మరో వైపు నుంచి గోడెక్కింది. తెల్లారి లెక్క చూసుకుంటే పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది ఉన్నారు. సలాబత్ జంగ్ దండు చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దవాళ్లు బెజవాడ దాటి బందరు చేరేసరికి పుణ్యకాలం గడిచిపోవడం ఆనాటి నుంచీ ఉన్నదే. ఆయన మాత్రం ప్రయాణం వృథా చేసుకోలేదు. మే 14న గెలిచినవాళ్లతోనే సంధి చేసుకుని, బందరునూ చుట్టుపక్కల సీమనూ రాసిచ్చేశాడు. పార్టీ ఫిరాయింపు మీద ఇప్పుడు గుండెలు బాదుకునేవాళ్లు ఆ తేదీ గుర్తుంచుకోవచ్చు.

పాఠ్యపుస్తకాలన్నీ ప్లాసీ ప్లాసీ అని మోగుతాయి. తెలుగు గడ్డ మీద ఇంగ్లీషువాళ్ల రాజ్యానికి దారి పడింది ఈ బురదలోనే. అంటే రాజ్యం కూడా బందరులో మొదలై మద్రాసులో బాగుపడిందన్న మాట. నియమం తప్పలేదు.

1864 నవంబరు 1 రాత్రి గురించి చమత్కారం వద్దు. తుపాను సముద్రాన్ని ఊరి మీదికి తెచ్చింది. ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి 30,000 మంది చనిపోయారు. మర్నాడు శవాలను గుర్తుపట్టేవాళ్లు కూడా మిగలని వీధులున్నాయి. మరుసటి ఏడు దొరలు కోటలోని పటాలాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత కోటను ఎవరూ ముట్టడించలేదు, ఎవరూ కాపాడనూ లేదు. కొన్ని ఇటుక కట్టడాలు, వాటి చుట్టూ తుప్పలు మిగిలాయి.

రేవు సంగతీ అంతే. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు పేరుకుని తీరం లోతు తగ్గిపోయింది. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో ఆగిపోయేవి, సరుకు పడవల్లో దింపుకోవాల్సి వచ్చేది. ఓడ ఊళ్లోకి రాకపోయినా దాని కోసం చేయాల్సిన మర్యాదలన్నీ చేశారు. బెజవాడ నుంచి కాలవ వచ్చింది, తర్వాత రైలొచ్చింది. పుణె నుంచి 800 కిలోమీటర్ల పైచిలుకు జాతీయ రహదారి హైదరాబాదు, బెజవాడ దాటుకుని వచ్చి బందరులో ఆగిపోతుంది. ఎందుకు వచ్చిందో దానికే తెలియాలి. ఆ దారిలో భాగమైన బెజవాడ బందరు రోడ్డు ఇప్పుడు కాగితాల మీద మహాత్మా గాంధీ రోడ్డు. జనం మాత్రం ఇంకా బందరు రోడ్డే అంటారు, అక్కడే నగలు కొంటారు, బిర్యానీ తింటారు, స్థలాల రేట్లు చెప్పుకుని గుండె పట్టుకుంటారు. ఊరి పేరు బాగుపడింది కూడా ఇంకో ఊళ్లోనే.

ఇరవయ్యో శతాబ్దంలో నియమం మరీ కట్టుదిట్టమైంది. పింగళి వెంకయ్యగారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసే రోజుల్లో, 1916లో, జాతికి ఎలాంటి జెండా ఉండాలో పుస్తకం వేశారు. 1921లో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చింది బెజవాడలో. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అది పెరిగి పెద్దదై హైదరాబాదు వెళ్లి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, పెద్దాఫీసు పేరిట ముంబై చేరింది. ఏప్రిల్ 1న అనేసరికి బందరు వాళ్లు చాలామంది మొదట నమ్మి ఉండరు. జిల్లా కేంద్రం సంగతి చెప్పక్కర్లేదు. కలెక్టరేటు బందరులో, కలెక్టరుగారు క్యాంపు ఆఫీసులో, క్యాంపు ఆఫీసు బెజవాడలో. 2022లో జిల్లాను చీల్చి బెజవాడను వేరుచేశాకే కృష్ణా జిల్లా బందరుకు పూర్తిగా దక్కింది. ఆ పంపకంలో ఎన్టీఆర్ పేరు బెజవాడ జిల్లాకు వెళ్లింది, ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణాలోనే ఉండిపోయింది. నియమం చుట్టుపక్కల పల్లెలకూ పాకుతోందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కలంకారీ కూడా పక్కనున్న పెడనకు జరిగింది. పోనీ అది దగ్గరే, పైగా పని తీరు మారలేదు. కరక్కాయ కలిపిన గేదెపాలలో గుడ్డ తడిపి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తీస్తారు. టేకు అచ్చు ఆ రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో దాని వీపున ఒక్క గుద్దు. అచ్చు అంచు వెంట్రుకవాసి తప్పినా తీగ విరిగిపోతుంది. కాలవలో ఉతికి, ఉడకబెట్టి, మళ్లీ ఉతుకుతారు. ఆ గుడ్డ కోసం ఒకప్పుడు డచ్చివాళ్లు సముద్రాలు దాటారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చూసి స్క్రీన్ ప్రింటుకీ దీనికీ తేడా ఏముందండీ, రేటు తగ్గించండి అంటున్నారు.

ఊరు వదిలి పోనిది ఒక్క లడ్డూ. సెనగపిండి పూసను దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్లీ రోకలితో తొక్కి నేతితో ఉండ చుడతారు. అందుకే తొక్కుడు లడ్డూ అన్నారు. ఊరు పడ్డ పాట్లన్నీ అది కూడా పడింది కాబట్టి ఊరితోనే ఉండిపోయింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అంటే ఇక అది ఎక్కడికీ పోకుండా చట్టపరంగా కట్టేశారు. రేవుకు ఆ జాగ్రత్త తీసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పోర్టుకు 2008లో రాజశేఖరరెడ్డిగారు శంకుస్థాపన చేశారు. 2019లో చంద్రబాబునాయుడుగారు చేశారు. 2023లో జగన్మోహనరెడ్డిగారు తపసిపూడి దగ్గర చేశారు. మూడుసార్లూ ఎన్నికలు కూతవేటు దూరంలోనే ఉండటం పంచాంగం చలవ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ సోమలింగానికి మూడుసార్లు బారసాల అయింది. ఉయ్యాల ఊపిన ప్రతివారూ నిజంగానే ఆనందపడ్డారు, అందులో నాకు అనుమానం లేదు.

పద్ధతి ఇలాగే సాగి ఉంటే గొడవ లేదు. ఈసారి ఏం పుట్టిందో గానీ సముద్రంలో రాళ్లు పడ్డాయి. అలలకు అడ్డంగా కట్ట లేచింది, ఇసక తోడుతున్నారు. ఇలా ఊరుకుంటే ఏదో ఒక రోజు బందరులో మొదలైన పని బందరులోనే పూర్తయ్యే ప్రమాదముంది. ఇది పెద్దలు దృష్టిలో పెట్టుకోవాలి.

నా సూచనలు చిన్నవే. కోటలో మిగిలిన కట్టడాల చుట్టూ తుప్పలు కొట్టించి శంకుస్థాపన ఫలకాల మ్యూజియం పెట్టాలి. మూడు రాళ్లూ పక్కపక్కనే నిలబెట్టి, నాలుగో దానికి, అయిదో దానికి చోటు వదలాలి, రేపు ఎవరొస్తారో తెలియదు. గైడుగా పెడనలో అచ్చులు గుద్దే కుర్రాణ్ణే పెట్టుకోవచ్చు, అతనికి ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేయడం అలవాటు. ఇక మొదటి ఓడ వచ్చే రోజు అది ఏకంగా బెర్తు దగ్గరికి దూసుకు రాకూడదు. ఊరి మర్యాద ప్రకారం మైళ్ల దూరంలో లంగరు వేయాలి, సరుకు పడవల్లో దింపాలి. కుదరదు, ఒడ్డుకే వస్తానని కెప్టెన్ మొండికేస్తే, ముందు బెజవాడలో ఒక క్యాంపు ఆఫీసు తీసుకోమనండి.