నీళ్లు చూపించాకే అంతస్తులు

హైదరాబాద్ శివారు కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిన 2023 నాటి వేలం అందరికీ గుర్తుంది. ఆ నేల మీద లేచే టవర్లకు నీళ్లెక్కడివన్న ప్రశ్న మాత్రం ఆ సందడిలో వినపడలేదు. దానికి జవాబు ఎండాకాలం రాగానే మణికొండ, కొండాపూర్ వీధుల్లో ట్యాంకర్ల బారులుగా కనిపిస్తుంది.

1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. వరదకు అడ్డుకట్టగా పుట్టిన ఆ రెండు జలాశయాలే దశాబ్దాల తరబడి హైదరాబాద్ దాహం తీర్చాయి. అవి చాలక మంజీరాకు, ఆపైన కృష్ణకు, గోదావరికి వెళ్లాం. ఇవాళ కృష్ణ మీది నాగార్జునసాగర్ నుంచి, గోదావరి మీది ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. 2024 వేసవిలో సాగర్ మట్టం పడిపోయి అత్యవసర పంపింగ్ చేయాల్సి వచ్చింది. ఆ నీటి కోసమే ఆయకట్టు రైతూ కాలువ గట్టున ఎదురుచూస్తున్నాడు. ఇంకా ఏ నదికి పోదాం?

భూగర్భజలం ఆదుకుంటుందనుకోవడం భ్రమ. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. పైనున్న మొరం పొరలో, అడుగున రాతి పగుళ్లలో తప్ప నీరు నిలవదు. నాలుగంతస్తుల సెల్లార్ కోసం ఆ పొరనే తవ్వి లారీల్లో తరలిస్తున్నాం. మిగిలిన నేలకు సిమెంటు పరుస్తున్నాం. వాన ఇంకే దారి మూసేశాక వెయ్యి అడుగులు దింపినా బోరు ఏం పోస్తుంది? అది ఎండగానే ట్యాంకరు శివారు ఊళ్ల బోర్ల మీద పడుతోంది. అపార్ట్‌మెంటు సంపు నిండేకొద్దీ అక్కడి పొలాలకు తడి తగ్గిపోతోంది.

స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐకి 2006లో పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పును, భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీని (సెట్‌బ్యాకులను) కొలిచి చూసే అధికారులు నీటి దగ్గరికి వచ్చేసరికి కాగితం మీది భరోసాతో సరిపెడుతున్నారు. ఇది ఏ ఒక్క ప్రభుత్వం చేసిన తప్పూ కాదు. గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు రక్షణగా, ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన జీవో 111ను ఎత్తేయాలని 2023లో మంత్రివర్గం నిర్ణయించింది. తాగునీటికి ఆ జలాశయాలతో ఇక పనిలేదన్నది అప్పటి వాదన. దూరపు నదులు మొరాయిస్తున్న కాలంలో ఇంటి పక్కనున్న నీటిని వదులుకోవడం మాకు ఏ కోణంలోనూ సమర్థనీయంగా తోచడం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని లీటర్లు, ఏ వనరు నుంచి ఇవ్వగలరో నగరానికి నీరందించే జలమండలి రాతపూర్వకంగా తేల్చాకే బహుళ అంతస్తులకు అనుమతి ఇవ్వాలి. ఆ లెక్కలో ట్యాంకరు నీటిని కలపకూడదు. నీళ్లమ్మే బోర్లన్నింటినీ నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద నమోదు చేసి మీటర్లు బిగించాలి. ఈ పని పూర్తయ్యేదాకా గండిపేట, హిమాయత్‌సాగర్ ఎగువన ఒక్క కొత్త లేఅవుట్‌కూ ప్రభుత్వం సంతకం పెట్టరాదు.