పట్టాలు పీకేశారు, దారి మిగిలింది

1957 జులై 3. షికాగో శివార్ల నుంచి పొద్దున్నే లోకల్ రైలెక్కి ఆఫీసులకు వచ్చినవాళ్లు సాయంత్రం స్టేషన్‌కు వెళ్తే రైలు లేదు. షికాగో, అరోరా అండ్ ఎల్జిన్ కంపెనీ ప్రయాణికుల సర్వీసులు ఆపుకోవచ్చని కోర్టు అనుమతిచ్చింది. కంపెనీ సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మధ్యాహ్నానికే బళ్లు నిలిపేసింది. పొద్దున తెచ్చినవాళ్లను తిరిగి ఇంటి దగ్గర దింపాలన్న మర్యాద కూడా ఎవరికీ తోచలేదు. మరో నాలుగేళ్లకు లైన్ మొత్తం అధికారికంగా మూతపడింది. పట్టాలు తుక్కు కిందకు పోయాయి, కంకర మీద పిచ్చిమొక్కలు మొలిచాయి.

ఆ తర్వాత జరిగింది పత్రికలవాళ్లు కొంచెం గర్వంగా చెప్పుకోదగ్గ కథ. 1963 సెప్టెంబరులో షికాగో ట్రిబ్యూన్‌కు పాఠకురాలి ఉత్తరం ఒకటి వచ్చింది. రాసింది మోర్టన్ అర్బోరేటమ్ అనే పెద్ద చెట్ల తోటలో ప్రకృతి పాఠాలు చెప్పిన మే థైల్‌గార్డ్ వాట్స్. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. మనుషులం, రెండు కాళ్ల మీద నడవగలవాళ్లం, మూతపడ్డ ఆ లైన్ మీద మాకు ఒక కాలిబాట కావాలి అన్నది ఆమె అడిగినదాని సారాంశం. బుల్‌డోజర్లు కాచుకుని ఉన్నాయి, ఆలస్యం చేస్తే ఈ దారి ముక్కలైపోతుందని కూడా హెచ్చరించారు. ఆ ఉత్తరంతో మొదలైన ఉద్యమం ఫలితమే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్. ఈరోజు సుమారు 60 మైళ్ల మేర జనం నడుస్తున్నారు, పరుగెత్తుతున్నారు, సైకిల్ తొక్కుతున్నారు.

పాత రైలు కట్టలో అంత గొప్ప ఏముంది? ఆవిరి ఇంజనుకు ఏటవాలు పడదు. వందడుగులు పోతే ఒకటి రెండడుగులకు మించి ఎత్తు పెరగకూడదు. అందుకే గుట్ట అడ్డమొస్తే తొలిచారు, పల్లమొస్తే మట్టి పోసి కట్ట లేపారు, వాగు మీద వంతెన కట్టారు. నూరేళ్ల కిందట వేలమంది కూలీలు చెమటోడ్చి చదును చేసిన బాట అది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నడవాలన్నా, ఆరేళ్ల పిల్ల సైకిల్ నేర్చుకోవాలన్నా అంతకంటే మంచి బాట దొరకదు. ఊళ్ల మధ్యలోంచి, పొలాల మధ్యలోంచి ఎక్కడా తెగకుండా సాగే అంత పొడవైన భూమిని ఈ కాలంలో సేకరించాలంటే ఏ ప్రభుత్వానికైనా తలప్రాణం తోకకొస్తుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇలాగే పాత రైలు దారి మీద వేసిన కాలిబాట ఎల్రాయ్-స్పార్టా ట్రైల్ 1960ల్లోనే మొదలైంది. 32 మైళ్ల దారిలో మూడు సొరంగాలున్నాయి. అన్నింటికంటే పొడవైనది ముప్పావు మైలు. సొరంగాల మూతికి పెద్ద పెద్ద చెక్క తలుపులుంటాయి. రైళ్లు తిరిగే రోజుల్లో చలికాలంలో లోపల మంచు గడ్డకట్టి రాయి పగలకుండా కాపలాదారు ఒకడు అక్కడే ఉండి, రైలొచ్చినప్పుడు తలుపు తీసి, వెళ్లాక మూసేవాడట. ఇప్పటికీ చలికాలంలో ఆ తలుపులు మూస్తారు. మిగతా రోజుల్లో టార్చిలైటు పట్టుకుని, సైకిల్ దిగి, నెత్తిన చుక్కలు చుక్కలుగా నీళ్లు పడుతుంటే అందులోంచి నడిచి వెళ్లాలి. ఇంత చిన్న అనుభవం కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

ఇలాంటివి ఒకటీ అరా అయితే ముచ్చట అనుకుని ఊరుకోవచ్చు. అమెరికాలో రైలు మార్గాలు 1916 నాటికి సుమారు 2.54 లక్షల మైళ్లు. తర్వాత కార్లు, లారీలు, విమానాలు వచ్చి వేల మైళ్ల లైన్లు మూతపడ్డాయి. మూతపడ్డ చోటల్లా భూమి ముక్కలై పోతుంటే 1983లో అక్కడి పార్లమెంటు ఒక తెలివైన పని చేసింది. మూసేయబోయే లైన్‌ను ఏదైనా ప్రభుత్వ సంస్థ గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ తీసుకుని కాలిబాటగా నడుపుకోవచ్చు. రేపు రైలు మళ్లీ అవసరమైతే వెనక్కివ్వాలి. అప్పటిదాకా చట్టం దృష్టిలో ఆ లైన్ రద్దయినట్టు కాదు. దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. బ్యాంకులో డిపాజిట్ వేసినట్టే, కాకపోతే వడ్డీ జనం కాళ్లకు దక్కుతుంది.

ఆ చట్టం ఎంత గట్టిదో మిస్సోరీలోని కేటీ ట్రైల్ చూస్తే తెలుస్తుంది. మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైల్‌రోడ్‌ను జనం ముద్దుగా పిలిచే పేరు కేటీ. 1986లో వరదలకు లైన్ దెబ్బతిని, కంపెనీ వదిలేసింది. దాన్ని కాలిబాట చేయడానికి టెడ్ జోన్స్ అనే ధనవంతుడు సుమారు 22 లక్షల డాలర్లిచ్చాడు. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర మొదటి భాగం తెరిచారు. ఇప్పుడది 240 మైళ్లు, అంటే సుమారు 386 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతి వైపు బయల్దేరితే దాదాపు కడప దగ్గరికి చేరేంత దూరం.

అదే కంపెనీ బూన్‌విల్ దగ్గర మిస్సోరీ నది మీద 1932లో కట్టిన వంతెన ఉంది. తర్వాత యూనియన్ పసిఫిక్ అనే మరో రైలు కంపెనీ చేతికొచ్చిన ఆ వంతెనను విప్పి, ఇనుము ఇంకోచోట వాడుకోవాలనుకున్నారు. పాత వంతెనే కదా, పోతే పోనీ అనిపిస్తుంది. కానీ వంతెన పోతే దారి తెగినట్టే, తెగితే రైలు తిరిగి వస్తుందన్న మాటకు అర్థం లేదు, అప్పుడు మొత్తం లైన్ మీది హక్కే ప్రశ్నార్థకమవుతుంది. ఏళ్ల తరబడి కోర్టులు, ధర్నాలు, చందాలు. చివరికి 2010లో కంపెనీ వంతెనను బూన్‌విల్ పట్టణానికి ఇచ్చేసింది. 2016లో దాని మీద కొంతమేర నడిచే వీలు కలిగింది.

ఇందులో రైతుల గోడు కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. వాళ్ల తాతలు చాలాచోట్ల భూమిని అమ్మలేదు. రైలు నడపడానికి మాత్రమే దారి ఇచ్చారు. రైలు పోయాక భూమి మాదే అన్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లు పెరటి వెనక తిరగడం ఎవరికి నచ్చుతుంది? వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన దంపతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం చెల్లుతుందని 1990లో కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, నష్టపోయినవాళ్లు పరిహారం అడగవచ్చని కూడా చెప్పింది. మా ఉద్దేశంలో అదే సరైన తీర్పు. ట్రైల్ ఎంత బాగున్నా, దాని ఖర్చు పక్క రైతు ఒక్కడే మోయకూడదు.

ఈ అమెరికా గొడవ మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. వర్జీనియాలోని యాష్‌బర్న్, హెర్న్‌డన్ ప్రాంతాల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు పొద్దున్నే నడకకు బయల్దేరే బాటల్లో వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రైల్ ఒకటి. వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, 1968 దాకా అది రైలు మార్గం. 45 మైళ్ల పొడవు, చాలావరకు వంద అడుగుల వెడల్పు. కొంత ముక్క హైవే కిందకు పోయినా మిగతాది 1970ల చివర్లో పార్కుల సంస్థ కొనడం మొదలుపెట్టబట్టి దక్కింది. చిత్రమేమిటంటే, ఒకప్పుడు రైలుండి పోయిన అదే యాష్‌బర్న్‌కు 2022లో వేరే దారిలో మెట్రో వచ్చింది. ఆ మెట్రో లైన్ రెండో దశకు సుమారు 300 కోట్ల డాలర్లు ఖర్చయింది. రైలు దారి అక్కర్లేదని తేల్చేయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి చూడండి.

ఇక మన సంగతి. 1992లో దేశంలో పట్టాల మధ్య వెడల్పు ఒకేలా ఉంచే యూనిగేజ్ పథకం మొదలయ్యాక మీటర్ గేజ్ లైన్లు చాలావరకు అదే కట్ట మీద బ్రాడ్ గేజ్ అయ్యాయి. వంపులు ఎక్కువున్న చోట, ఘాట్లలో కొత్త దారి వేసి పాతదాన్ని వదిలేశారు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో 1880ల నాటి దొరబావి వంతెన అలా వదిలేసినదే. బొగద సొరంగం దగ్గర పాత లైన్ అడవిలో కలిసిపోయింది. బోగదా అంటేనే సొరంగం. మాట మిగిలింది, రైలు పోయింది.

అక్కడ వెంటనే టైల్స్ పరిచి, సెల్ఫీ పాయింటు, బజ్జీల బండి పెట్టమని మేం అడగడం లేదు. అది పులులు తిరిగే అడవి. అటవీ శాఖ లెక్కగా కొద్దిమందినే, చెంచులను దారి చూపేవాళ్లుగా పెట్టుకుని నడిపిస్తే చాలు, అదీ వన్యప్రాణులకు ఇబ్బంది లేదని తేలాకే. ఊళ్లను ఆనుకుని మిగిలిన పాత కట్టల సంగతి వేరు. అమెరికా రైతుల చిక్కు మనకు అంతగా లేదు, రైల్వే భూమి చాలావరకు సేకరించి తీసుకున్నదే. మన చిక్కు కబ్జా. ఈరోజు దడి, ఏడాదికి రేకుల షెడ్డు, ఆ తర్వాత పట్టా. గూడు లేక కట్ట పక్కన గుడిసె వేసుకున్న పేదవాడిని, ప్లాట్లు కొట్టి అమ్ముకునే పెద్దమనిషిని ఒకే గాటన కట్టకూడదు. పేదవాడికి ముందు ఇల్లు చూపించాలి.

రైల్వే ఖాళీ భూములను వ్యాపారానికి వాడుకోవడానికి ఢిల్లీలో ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది. నగరం నడిబొడ్డున ఉన్న ఎకరాలు దానికి కనపడతాయి. అరవై అడుగుల వెడల్పుతో మైళ్ల కొద్దీ సాగే సన్నటి కట్ట ఎవరి లెక్కలోకీ రాదు. మేం అడిగేది పెద్ద పథకమేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో వదిలేసిన లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ సర్వే నంబర్లలో పోతున్నాయి, ఎంత మిగిలింది, ఎంత పోయింది అన్న వివరాలతో రైల్వే, రెవెన్యూ శాఖలు కలిసి ఒక మ్యాపు తయారు చేసి, ఆయా గ్రామ పంచాయతీల గోడల మీద అతికించాలి. ఆ పని అయ్యేదాకా వాటిలో ఒక్క గజం కూడా ఎవరికీ రాసివ్వకూడదు.