పదివేల అడుగులకి, నెల్లూరు నుంచి ఒక బాకీదారుడు

అయ్యా పదివేలూ,

బాగుండావా. నేనూ బాగానే ఉండా అనుకుంటుండా, కానీ రోజుకి పదివేల అడుగులు నడవాలని నా చేతికి కట్టుకున్న నీ ఏజెంటు, అదే అడుగులు లెక్కపెట్టే వాచీ, ఉండాడే, వాడు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి గుర్రుమని వణికి ఇంకా 2,140 అడుగులు బాకీ అంటాడు. చీటీ పాట వాళ్ళు కూడా ఇంత టైముకి అడగరు. నాకు నలభై తొమ్మిది. ఇంటి లోను, పిల్లదాని కాలేజీ ఫీజు, ఇవి చాలవని నువ్వొకడివి తగులుకున్నావు.

నీ పుట్టుక గురించి కొంచెం ఆరా తీశా, ఏమీ అనుకోబాక. ఇన్నాళ్ళూ నువ్వేదో పెద్ద డాక్టర్లు కూచోని తేల్చిన నంబరనుకున్నా. చూస్తే 1964 టోక్యో ఒలింపిక్స్ అయినాక జపానోళ్ళకి నడక మీద మోజు పుట్టిందంట, 1965లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే మీటరు చేసి మాంపో-కే అని పేరు పెట్టి అమ్మింది, అంటే పదివేల అడుగుల మీటరు, అంతే సంగతి. చెప్పుల జతకి 499 అని ఎందుకు పెడతారో నిన్నూ అందుకే పెట్టారు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ ఆడవాళ్ళ మీద లెక్క తీస్తే 2,700 నడిచినోళ్ళకంటే 4,400 నడిచినోళ్ళకే చావు ముప్పు తక్కువని తేలింది, 7,500 దాటినాక పెద్దగా తేడానే లేదు. సంబరంగా మా ఆవిడకి చదివి వినిపించా. "మీకు డెబ్బై రెండా? మీరేమన్నా ఆడోళ్ళా?" అనింది. మళ్ళీ నీ కాళ్ళ దగ్గరికే వచ్చి పడ్డా.

పొద్దున్నే ఐదున్నరకి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం కాడ మా బ్యాచ్‌ని చూడాలి నువ్వు. ఆరుగురం. మొదటి రౌండు రాజకీయాలు, రెండో రౌండు రొయ్యల రేటు, మూడో రౌండులో ఎవరికి షుగరు ఎంతుందో చెప్పుకోడం, ఇన్ని మాటలు సాగాయంటే మేం ఎంత స్పీడులో నడుస్తున్నామో నీకే అర్థమవ్వాల. ఏడుకల్లా నేరుగా దోశె బండి కాడ తేలతాం. నెయ్యి కారం దోశె. ఆ ఎర్రకారం మీద నెయ్యి కరిగి అంచులమ్మట జారతా ఉంటే ఎవడో ఒకడు "ఇయ్యాల ఆరువేలు కొట్టేశాం కదరా మామా" అంటాడు, ఇంక రెండోది చెప్పాల్సిందే. గంట నడిస్తే నా బరువుకి కరిగేది మూడొందల క్యాలరీలు అటూ ఇటూ. రెండు పెద్ద స్పూన్ల నెయ్యికే రెండొందల యాభై. దోశెలు లెక్కపెట్టడం మాత్రం నీ ఏజెంటుకి ఎవరూ నేర్పలేదు, అందుకు మాత్రం నీకు రుణపడి ఉండా.

తిండి మాటెత్తితే మా ఊరి పేరు కాడ్నించే తగాదా. నెల్లు అంటే వడ్లు, దాన్నించి వచ్చిందంటారు కొందరు, కాదు నెల్లి అంటే ఉసిరి, ఉసిరిచెట్టు నించి వచ్చిందంటారు ఇంకొందరు. నేను ఏ పక్షమో నా పొట్ట చూస్తే తెలిసిపోద్ది. మగోడికి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు మన వైపు డాక్టర్లు, నేను 101. ఆదివారం చేపల పులుసు, మామిడికాయ వేసింది, సోమవారానికి ఇంకా రుచి పట్టిద్ది కాబట్టి సోమవారం కూడా. రెండు పూటలా ముక్కలు రెండు, అన్నం నాలుగు గరిటెలు, పులుసు మళ్ళీ మళ్ళీ. కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు చెప్తుండారు, నా 78 కేజీలకి దాదాపు 65 గ్రాములు, కోడిగుడ్డులో ఉండేదేమో ఆరు. తిరగెయ్యాల్సింది ఆ లెక్కేనని, ముక్కలు నాలుగు అన్నం రెండు గరిటెలు అని, నాకూ తెలుసు. గరిటె పట్టుకున్నాక గుర్తుండదు.

రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె కూడా తీసుకున్నా. కోరిక తీరితే మరుసటేడు నేనే రొట్టె తెచ్చి ఇంకొకరికియ్యాల. ఈ ఏడు చేతులూపుకుంటా పోయి మళ్ళీ తీసుకున్నా. తప్పు రొట్టెది కాదు.

ఇంతకీ నీకు ఉత్తరం ఎందుకు రాస్తుండానంటే మా అమ్మ వల్ల. ఆమెకి డెబ్బై ఆరు. నువ్వెవరో ఆమెకి తెలీదు. మొన్న వంటింట్లో కత్తిపీట మీద కూచోని మామిడికాయ కోస్తా ఉంటే నేనూ పక్కన చతికిలబడి కబుర్లు చెప్తా కూచున్నా. పని అయినాక ఆమె గిన్నె చేత్తో పట్టుకోని, ఇంకో చెయ్యి ఎక్కడా ఆనించకుండా లేచి పోయింది. నేను లేవలేకపోయా. ముందు ఒక మోకాలు, తర్వాత అరచెయ్యి, తర్వాత ఫ్రిజ్ హ్యాండిలు. అది కూడా ఊడొచ్చేదే. "ఏంరా అబ్బయ్యా, పదివేలు నడుస్తావంటివే" అనింది, నవ్వలేదు కూడా.

2012లో బ్రెజిల్ డాక్టర్లు 51 నించి 80 ఏళ్ళ లోపల రెండువేల మందిని ఇట్టాగే నేల మీద కూచోబెట్టి లేపి చూశారంట. చేతులూ మోకాళ్ళూ ఎక్కువ ఆనించుకున్నోళ్ళు తర్వాత కొన్నేళ్ళలో ఎక్కువమంది పోయారు. ముప్పై దాటినాక పదేళ్ళకోసారి కండ మూడు నించి ఎనిమిది శాతం దాకా తరిగిపోద్దంట, అరవై దాటితే ఇంకా జోరుగా. దోశె కాడికి పోయే నడక ఆ తరుగుని పెద్దగా ఆపదు. డబ్ల్యూహెచ్ఓ చెప్పేది వారానికి 150 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చే నడక, దాంతోపాటు కనీసం రెండ్రోజులు కండకి పని. ఆ రెండో ముక్క ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారైనా చెప్పావా? నువ్వు చెప్పవు, చెప్తే నీ గిరాకీ పోద్ది.

అందుకని నిన్న సాయంత్రం తలుపేసుకోని పీట మీద కూచోని లేచా, పదిసార్లు. ఆరోసారికి తొడలు వణికాయి, తొమ్మిదోసారికి గోడ పట్టుకున్నా, పదోసారి లేచి చెమట తుడుచుకుంటా ఆశగా చేతి వంక చూశా.

నీ ఏజెంటు రాసుకుంది సున్నా.

ఇట్లు,
నీకు ఇంకా 2,140 ఇయ్యాల్సినోడు