బీరువా మీది వయొలిన్

పదో తరగతి అవగానే పిల్లలు వాయిద్యాలు ఎందుకు వదిలేస్తున్నారని వ్యాసంలో అడిగారు కదా, మా ఇంటి సంగతి చెప్తాను. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. మా అమ్మాయి వయొలిన్ మీద, మొదటి పాఠాలూ గీతాలూ దాటాక నేర్పే వర్ణాల దాకా వచ్చింది. ఇంటర్లో చేరగానే ఆ పెట్టె బీరువా మీదకెక్కింది. ఎక్కించింది నేనే లెండి, కాలేజీ మీదకు నెట్టేసి లాభం లేదు. రెండేళ్లకి దించితే సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి, తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోయాయి. తీగలంటే మార్పించాం. కానీ సాధనతో వేలి కొసల్లో కాసిన కాయలు మెత్తబడిపోయి, నొప్పి మళ్లీ మొదటికొచ్చింది. "రోజూ పావుగంట సరళీ వరుసలు వాయించినా ఈ బాధ ఉండేది కాదమ్మా" అన్నారు మాస్టారు. సరళీ వరుసలంటే మొట్టమొదట నేర్పే స్వర పాఠాలే.

ఇప్పుడు ఇంజనీరింగు. ఒక్కతే సాధన చెయ్యమంటే ఫోను పట్టుకుంటుంది. ఆదివారం పక్కవీధి మృదంగం కుర్రాడొస్తే మాత్రం గంటన్నర కదలదు! తోడు కావాలండీ వీళ్లకి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ మన పక్కనే ఉంది. ఇక్కడ విశాఖలో కళాభారతి ఆడిటోరియంలో పెద్దల కచేరీకి ముందు ఇలాంటి పిల్లలకు 15 నిమిషాలు ఇవ్వొచ్చు కదా? పోటీలు, షీల్డులు వద్దు. స్కూల్లో అవి చాలానే చూశారు.