నాలుగో అంతస్తు ఫ్లెమింగో

ట్రైపాడ్ డబ్బా మీద ‘లోడ్ కెపాసిటీ 5 కిలోలు’ అని అచ్చేస్తారే, ఆ అంకె ఎవరు ఎక్కడ కూర్చుని కొలుస్తారో నాకు తెలియాలి. దూరంలో ఉన్న పక్షుల్ని చూసే నా దుర్భిణి, అంటే స్పాటింగ్ స్కోపు, ఒకటిన్నర కిలో ఉంటుంది. దుకాణం కుర్రాడు ట్రైపాడ్ మీద మోచేయి ఆనించి, “రాయిలా నిలబడుద్ది సార్, పెళ్లి వీడియోలవాళ్లంతా ఇదే పట్టుకెళ్తారు” అన్నాడు. పెళ్లికొడుకు పది అడుగుల్లో కూర్చుంటాడు, పక్షి అర కిలోమీటరు అవతల నీళ్లలో నిలబడుతుంది. మెల్లగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ ఉన్నది కావాలంటే, “అది సినిమావాళ్లకి సార్” అని గుండు మీద ఎటైనా తిరిగే బాల్ హెడ్ బిగించి చేతిలో పెట్టాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే మద్రాసులోని పళ్లికరణై చిత్తడినేలకి వెళ్లాం. నేనూ, నెల్లూరు నుంచి వచ్చిన మా బావగారూ. ఫ్లెమింగోలంటే పులికాట్‌వేనని, మద్రాసులో దోమలు తప్ప ఏమీ ఉండవని ఆయన రాత్రి భోజనాల దగ్గరే తేల్చేశారు. “ఈ చిత్తడినేలకి 2022లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది బావగారూ” అన్నాను. “గుర్తింపు సరేలేవయ్యా, పక్షి ఏదీ?” అన్నారు.

పక్షులున్నాయి. కానీ జూమ్ 60కి పెడితే చేతి వణుకు కూడా అరవై రెట్లు పెరుగుతుంది. రోడ్డు మీద లారీ వెళ్లినప్పుడల్లా ఫ్లెమింగోలకు పూనకం వచ్చినట్టయ్యేది. జూమ్ 20కి తగ్గించి, నడిమి కడ్డీని పూర్తిగా కిందికి దించి, దాని కొక్కేనికి నీళ్ల సీసాల సంచీ వేలాడదీశాక కాస్త కుదురుకుంది. సరిగ్గా ఒక ఫ్లెమింగోని మధ్యలో నిలబెట్టి, బావగారిని పిలిచాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా స్కోపు ఐపీస్, అంటే కన్ను ఆనించే చోటు, నలభై అయిదు డిగ్రీలు పైకి వంగి ఉంటుంది. చూసేవాడు తల దించుకుని చూస్తాడు కాబట్టి, గొట్టం ఎటు తిరిగి ఉందో వాడికి తెలీదు. రెండో సంగతి, మనిషి తల దాదాపు అయిదు కిలోలు ఉంటుంది. బావగారు ఆ తలను మొత్తం తెచ్చి ఐపీస్ మీద పెట్టారు. వెనక దిగింది, ముందు లేచింది. బాల్ హెడ్ చప్పుడు చెయ్యకుండా, ఎంతో మర్యాదగా జారింది. ఒకటిన్నర డిగ్రీ జారితే చాలు, అర కిలోమీటరు అవతల పదమూడు మీటర్ల తేడా.

“అబ్బ! ఇంత పింకు మా పులికాట్‌లో కూడా చూళ్లేదయ్యా” అన్నారు.

గర్వంగా ఉండదూ? వాకింగ్‌కి వచ్చినవాళ్లు నలుగురు చేరారు. ఫ్లెమింగో పిల్లలు బూడిద రంగులో పుడతాయని, నాచూ చిన్న రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లే తర్వాత ఆ రంగు వస్తుందని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

“ఒంటికాలి మీద నిలబడిందా బావగారూ?”

“కాళ్లు కనపళ్లేదు. గాలికి ఊగతా ఉండాది.”

“తల?”

“లోపలికి దాచుకుంది. నిద్రపోతాందేమో.”

తర్వాత ఒక పెద్దాయన చూసి, నిజమే, మంచి నిద్రలో ఉందని ధ్రువీకరించాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు రెక్కలు ఇంత వెడల్పని అనుకోలేదన్నాడు. వరసలో ఉన్న తెలుగువాళ్ల పాప కళ్లు చిట్లించి చూసి, “అంకుల్, దానికి క్లిప్పులు పెట్టారు” అంది.

“పక్షులకి సైంటిస్టులు రింగులు వేస్తారు పాపా” అన్నాను.

“భుజాలకా?”

ఆ పిల్లని మెల్లగా పక్కకి జరిపి నేను చూశాను. చిత్తడినేలకి అవతలి అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు బాల్కనీ. తీగ మీద గులాబీ రంగు నైటీ. దాని పక్కన ఒకావిడ ఫోన్ ఎత్తిపట్టి మమ్మల్ని వీడియో తీస్తోంది.

బాల్ హెడ్ బరువుకి ఎందుకు జారుతుందో మీరు ఎప్పుడైనా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకి తమిళంలో వివరించారా? అతను స్కూటర్ మీద వచ్చాడు. మెడలో విజిల్ ఉంది. ఈలోగా వాకింగ్‌వాళ్లంతా ఎటు వెళ్లారో తెలీదు, సరిగ్గా నిలబడని ఆ ట్రైపాడ్ మాత్రం నాలుగో అంతస్తు వైపు గురి తప్పకుండా రాయిలా నిలబడింది. నేను డబ్బా మీది అంకె గురించి, దుకాణం గురించి, ఫ్లూయిడ్ హెడ్ గురించి చెప్పుకొచ్చాను. అన్నీ విని, ఫోటోలు ఏమైనా తీశారా, చూపించమన్నాడు.

నేను తీయలేదు. బావగారు తీశారు. ఐపీస్‌కి ఫోన్ ఆనించి, ఎండలో స్క్రీన్ సరిగ్గా కనపడక ఏది వచ్చిందో చూడకుండానే, ‘మద్రాసు ఫ్లెమింగో’ అని రాసి మా అక్కకి పంపేశారు. సెక్యూరిటీ ముందే ఫోన్ తెరిచి డిలీట్ చేయబోతుంటే అక్క జవాబు వచ్చి పడింది.

“కాటనేనా? ఎంతట?”